కారు నావిగేషన్ పరికరం ‘అన్‌లాక్’: పాత పెట్టెలో కొత్త పటం సాధ్యమేనా? చట్టం ఏమంటోంది?

భిలాయి: ఉక్కు నగరమైన భిలాయి నుంచి విజయనగరం, శ్రీకాకుళం వైపు కారులో బయలుదేరే తెలుగు కుటుంబాలకు ఆ దారి కొత్తదేమీ కాదు. రాయ్‌పూర్ దాటిన తరువాత ధమ్తరి, కాంకేర్, మలుపుల కేశ్‌కాల్ ఘాట్, కొండగావ్, జగ్దల్‌పూర్. ఆపై ఒడిశాలో బొరిగుమ్మ, కోరాపుట్. చివరకు కనుమ దిగితే సాలూరు. బస్తర్ అడవుల్లోనూ తూర్పు కనుమల్లోనూ మొబైల్ సిగ్నల్ అందని భాగాలు ఈ దారిలో నేటికీ ఉన్నాయి. అక్కడ ఇంటర్నెట్‌పై ఆధారపడిన ఫోన్ పటం ఆగిపోతుంది. డ్యాష్‌బోర్డుపై అమర్చిన పాత నావిగేషన్ పరికరం మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. దానికి కావలసింది టవర్ కాదు, తెరపి ఉన్న ఆకాశం.

చిక్కంతా ఆ పెట్టెలోని పటంతోనే. 2010కి ముందు తయారైన పటం ఈ దారిని మొత్తంగా 43వ నంబరు జాతీయ రహదారిగా చూపుతుంది. ఆ ఏడాది దేశంలోని జాతీయ రహదారులకు కొత్త నంబర్లు ఇచ్చారు. ఇప్పుడు రాయ్‌పూర్ నుంచి జగ్దల్‌పూర్ వరకు 30, అక్కడి నుంచి బొరిగుమ్మ వరకు 63, అటుపై సాలూరు మీదుగా నాతవలస వరకు 26. భిలాయి మధ్యగా సాగే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు పాత పటంలో 6వ నంబరు రహదారి, నేటి బోర్డులపై 53. జిల్లాలూ మారాయి. 2012 జనవరిలో దుర్గ్ జిల్లా నుంచి బాలోద్, బేమేతరా, బస్తర్ జిల్లా నుంచి కొండగావ్ విడిపోయాయి. సాలూరు 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఇక రాయ్‌పూర్, విశాఖపట్నం నడుమ కొత్త మార్గంలో నిర్మిస్తున్న 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారి పాత పటంలో ఉండే అవకాశమే లేదు. తయారీదారు పటాలను నవీకరించడం మానివేసినప్పుడు పరికరం యజమాని ముందు రెండే మార్గాలు మిగులుతాయి. ఒకటి పరికరాన్ని పక్కన పెట్టడం. రెండోది దాన్ని ‘అన్‌లాక్’ చేసి మరో సాఫ్ట్‌వేర్‌ను నడపడం.

ఏమిటీ అన్‌లాక్?

నావిగేషన్ పరికరం నిజానికి ఒక చిన్న కంప్యూటర్. ప్రాసెసర్, కొద్దిపాటి మెమరీ, స్పర్శతెర, స్పీకరు, ఉపగ్రహ సంకేతాలను అందుకునే రిసీవర్ అందులో ఉంటాయి. దాన్ని కొన్నవారికి మాత్రం ఒకే ఒక్క ప్రోగ్రామ్ కనిపిస్తుంది. స్విచ్ వేయగానే తయారీ సంస్థ చిహ్నం, వెంటనే పటం తెర వస్తాయి. కింద నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు వినియోగదారుడు చేరకుండా తయారీదారు ఒక పొరను అమరుస్తాడు. ఆ పొరను దాటి ఆపరేటింగ్ సిస్టమ్ డెస్క్‌టాప్‌కు గానీ, మరో ప్రోగ్రామ్‌కు గానీ చేరుకోవడమే అన్‌లాక్. సిమ్ కార్డు విషయంలో వాడే అన్‌లాక్ అనే మాటతో దీనికి సంబంధం లేదు.

2000ల రెండో భాగంలో ప్రపంచ మార్కెట్‌లోకి వచ్చిన పరికరాల్లో అనేకం మైక్రోసాఫ్ట్ రూపొందించిన విండోస్ సీఈ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌పై నడిచేవి. మియో పరికరాలు, మన దేశంలో మ్యాప్‌మైఇండియా పేరుతో అమ్ముడైన పలు నమూనాలు ఆ కోవకు చెందినవే. గార్మిన్ తన సొంత వ్యవస్థను వాడింది. నెదర్లాండ్స్‌కు చెందిన టామ్‌టామ్ లినక్స్‌ను ఎంచుకుంది. అన్‌లాక్ ఎంత సులభం, ఎంత కఠినం అన్నది ప్రధానంగా ఈ ఎంపికను బట్టే తేలుతుంది. విండోస్ సీఈకి ఎందరో ప్రోగ్రామ్‌లు రాసినందున దానిలో తలుపు తెరిస్తే లోపల వాడుకోవడానికి చాలా ఉంటుంది. గార్మిన్‌లో వేరే సాఫ్ట్‌వేర్‌కు చోటు లేకపోయినా, దాని పటాల ఫైలు నిర్మాణాన్ని ఔత్సాహికులు ఛేదించారు. అందువల్ల అక్కడ తాళం జోలికి వెళ్లకుండానే పటాన్ని మార్చుకునే వీలు ఏర్పడింది.

ఈ చరిత్రలో తెలుగు నేల పాత్ర కూడా ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన శాట్‌నవ్ టెక్నాలజీస్ సంస్థ ‘శాట్‌గైడ్’ పేరుతో భారతీయ రహదారులకు నావిగేషన్ సాఫ్ట్‌వేర్‌ను ఆ దశాబ్దంలోనే విడుదల చేసింది. అది కారు పరికరాలతో పాటు నాటి అరచేతి కంప్యూటర్లపైనా నడిచేది. రెండింటి పునాది ఒకటే కావడం అందుకు తోడ్పడింది. అన్‌లాక్ అనే ఆలోచన మొత్తం ఈ వాస్తవం మీదనే నిలిచి ఉంది. పెట్టె వేరైనా లోపలి పునాది ఒకటే అయితే, ఒక దానికోసం రాసిన ప్రోగ్రామ్ మరొక దానిలోనూ నడుస్తుంది.

తాళం ఎక్కడ ఉంటుంది?

విండోస్ సీఈ పరికరాన్ని ఆన్ చేయగానే మొదట ‘లాంచర్’ అనే చిన్న ప్రోగ్రామ్ మేల్కొంటుంది. అది అంతర్గత మెమరీలో గానీ, ఎస్‌డీ కార్డులో గానీ ముందే నిర్ణయించిన ఫోల్డరులో, నిర్ణయించిన పేరుగల ఫైలు కోసం వెతికి దాన్ని నడుపుతుంది. చాలా పరికరాల్లో తాళం అంటే ఇంతే. లాంచర్ పేరును చూస్తుంది తప్ప, ఆ పేరు వెనుక ఉన్నది అసలు ప్రోగ్రామేనా అని పరీక్షించదు. కాబట్టి అసలు ఫోల్డరు పేరు మార్చి భద్రపరచి, అదే పేరుతో మరో ఫోల్డరులో మరో ప్రోగ్రామ్‌ను ఉంచితే లాంచర్ దానినే నడుపుతుంది. ఇంటి యజమాని పేరు చెప్పిన వారికల్లా తలుపు తీసే కాపలాదారు వంటిది ఈ ఏర్పాటు.

ఇలా లాంచర్ చేత నేరుగా నావిగేషన్ ప్రోగ్రామ్‌ను కాకుండా ఒక చిన్న మెనూను నడిపించడం మెరుగైన పద్ధతి. ఆ మెనూ నుంచి పాత నావిగేషన్, కొత్త నావిగేషన్, విండోస్ డెస్క్‌టాప్‌లలో ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు. మియో పరికరాల కోసం ఔత్సాహికులు తయారు చేసి ఉచితంగా పంచిన ‘మియోపాకెట్’ అనే సాఫ్ట్‌వేర్ కట్ట ఈ తరహాలో బాగా ప్రచారం పొందింది. ఇందులో పాత ఏర్పాటు చెక్కుచెదరదు. కార్డు తీసివేస్తే పరికరం ఎప్పటిలాగే నడుస్తుంది.

పైస్థాయి పద్ధతులు రిజిస్ట్రీని మార్చడం, ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతిబింబాన్నే మార్చి రాయడం. అనేక విండోస్ సీఈ పరికరాల్లో రిజిస్ట్రీ తాత్కాలిక మెమరీలో ఉంటుంది. రీసెట్ చేస్తే మార్పులన్నీ చెరిగిపోయి తయారీ నాటి స్థితి తిరిగి వస్తుంది. పని చేసేవారికి ఇది విసుగే అయినా, అనుభవం లేనివారికి ఇదే రక్షణ. ఆపరేటింగ్ సిస్టమ్‌నే తిరగరాసే చివరి పద్ధతిలో అలాంటి రక్షణ లేదు. రాత మధ్యలో విద్యుత్ ఆగినా, వేరే నమూనాకు చెందిన ఫైలు వాడినా పరికరం మళ్లీ మేల్కొనకపోవచ్చు. దానినే ఔత్సాహికులు ‘బ్రిక్’ అయిందంటారు, అంటే ఇటుకగా మారిందని. పటం మార్చుకోవడమే లక్ష్యమైనవారికి ఈ పద్ధతి అవసరం లేదు.

ఏ పద్ధతైనా మొదట చేయవలసిన పని ఒకటే. పరికరాన్ని కంప్యూటర్‌కు కలిపి, దాచిన ఫైళ్లతో సహా అంతర్గత మెమరీనీ కార్డునూ పూర్తిగా నకలు తీసుకోవాలి. పటం లైసెన్సు చాలా సందర్భాల్లో ఆ పరికరం గుర్తింపు సంఖ్యకో, ఆ ఎస్‌డీ కార్డు సంఖ్యకో ముడిపడి ఉంటుంది. కార్డును ఫార్మాట్ చేసి లైసెన్సు ఫైలును పోగొట్టుకుంటే, మూతపడిన సేవల విషయంలో దాన్ని తిరిగి పొందడం దాదాపు అసాధ్యం.

పటం వచ్చింది, ఉపగ్రహం రాలేదు

అన్‌లాక్ చేసిన తరువాత ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. కొత్త ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, పటం కనిపిస్తుంది, కానీ కారు ఉన్న చోటు మాత్రం కనిపించదు. పరికరం చెడిపోయిందని అనుకోవలసిన పని లేదు. ఉపగ్రహ రిసీవర్ తాను లెక్కించిన స్థానాన్ని ఎన్‌ఎంఈఏ 0183 అనే ప్రమాణంలో అక్షరాల వరుసలుగా ఒక సీరియల్ పోర్టు ద్వారా పంపుతూ ఉంటుంది. అక్షాంశం, రేఖాంశం, సమయం, వేగం, కనిపిస్తున్న ఉపగ్రహాల సంఖ్య అందులో ఉంటాయి. ఆ పోర్టు సంఖ్య, డేటా వేగం పరికరాన్ని బట్టి మారుతాయి. పాత ప్రోగ్రామ్‌కు అవి తెలుసు, కొత్త దానికి తెలియవు. ప్రామాణిక వేగం సెకనుకు 4,800 బిట్లయినా, తయారీదారులు ఎక్కువ వేగాలనూ వాడారు. పోర్టులను ఒక్కొక్కటిగా పరీక్షించే చిన్న ప్రోగ్రామ్‌తో సరైన జోడీని కనుగొని కొత్త సాఫ్ట్‌వేర్ అమరికల్లో నమోదు చేస్తే స్థానం కనిపిస్తుంది. ఈ పరీక్షను గదిలో కాక ఆరుబయట, కారు ఆపి ఉంచి చేయాలి. చాలాకాలం వాడని రిసీవర్‌కు ఉపగ్రహాల సమాచారం కొత్తగా అందుకోవడానికి నిమిషాలు పట్టడం సహజం.

ఇంకొక భ్రమను కూడా తొలగించాలి. అన్‌లాక్ వల్ల పరికరం హార్డ్‌వేర్ మారదు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచి 2013 జూలై 1న తొలి ఉపగ్రహాన్ని ప్రయోగించి, 2016లో ‘నావిక్’గా నామకరణం పొందిన భారత సొంత వ్యవస్థ సంకేతాలను పాత రిసీవర్లు అందుకోలేవు. తొలి తరం నావిక్ ఉపగ్రహాలు ఎల్5, ఎస్ తరంగాల్లో ప్రసారం చేస్తాయి. పాత కారు పరికరాలు జీపీఎస్ ఎల్1 తరంగానికి మాత్రమే తయారైనవి. 2023 మే 29న ప్రయోగించిన ఎన్‌వీఎస్-01 ఎల్1 తరంగంలోనూ ప్రసారం చేసేలా రూపొందినప్పటికీ, ఆ సంకేతాన్ని అర్థం చేసుకునే చిప్ రిసీవర్‌లో ఉండాలి. సాఫ్ట్‌వేర్ మార్పుతో అది రాదు.

కారులో అంతర్భాగమైన తెరల సంగతి వేరు

ఇప్పటివరకు చెప్పినదంతా అద్దానికి అంటించే విడి పరికరాల గురించి. వాటికి కారు నుంచి అందేది 12 వోల్టుల విద్యుత్ మాత్రమే. కారు తయారీ సంస్థ డ్యాష్‌బోర్డులోనే అమర్చిన తెర అలాంటిది కాదు. అది బ్రేకులు, స్టీరింగ్, ఇంజిన్ నియంత్రణ యూనిట్లు మాట్లాడుకునే క్యాన్ బస్ అనే అంతర్గత తీగజాలానికి ఏదో ఒక రూపంలో అనుసంధానమై ఉండవచ్చు. 2015 జూలైలో అమెరికా పరిశోధకులు ఛార్లీ మిల్లర్, క్రిస్ వాలాసెక్ జీప్ చెరోకీ కారు వినోద వ్యవస్థ ద్వారా దూరం నుంచే ప్రవేశించి, ప్రయాణంలో ఉన్న కారు నియంత్రణలను ప్రభావితం చేసి చూపారు. దాంతో క్రైస్లర్ సంస్థ 14 లక్షల వాహనాలను వెనక్కి పిలవవలసి వచ్చింది. తెర తాళం కేవలం వ్యాపార లాభం కోసమే కాదని ఆ ఉదంతం తెలిపింది. విడి పరికరం అన్‌లాక్ విఫలమైతే పోయేది ఆ పరికరం ఒక్కటే. అంతర్గత తెర విషయంలో వారంటీ మొదలుకొని వాహన భద్రత వరకు పణంగా పెట్టవలసి ఉంటుంది. ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే వంటి సదుపాయాలు ఫోన్‌లోని పటాన్నే తెరపైకి తెస్తున్నందున, కొత్త కార్లలో ఆ సాహసానికి కారణం కూడా పెద్దగా మిగలలేదు.

చట్టం ఎక్కడ గీత గీస్తుంది?

తాళం తీయడమే నేరమని చాలామంది భావిస్తారు. భారత చట్టం అలా చెప్పదు. 2012 సవరణ ద్వారా 1957 నాటి కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ చేరింది. కాపీరైట్ హక్కుల రక్షణకు పెట్టిన సాంకేతిక ఏర్పాటును, ఆ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఛేదించినవారికి రెండేళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చని అది చెబుతుంది. ఇక్కడ కీలకం ఉద్దేశమే. చట్టం స్పష్టంగా నిషేధించని ప్రయోజనం కోసం చేసే పనికి ఈ సెక్షన్ అడ్డు కాదని దాని ఉపసెక్షన్ పేర్కొంటుంది. చట్టబద్ధంగా సాఫ్ట్‌వేర్ కలిగినవారు భద్రత కోసం నకలు తీసుకోవడాన్ని, స్వతంత్రంగా రూపొందిన ప్రోగ్రామ్ ఇతర ప్రోగ్రామ్‌లతో కలిసి పనిచేయడానికి అవసరమైన, వేరే చోట సులభంగా దొరకని సమాచారం రాబట్టుకోవడాన్ని 52వ సెక్షన్ ఉల్లంఘనగా పరిగణించదు.

దీన్ని నావిగేషన్ పరికరానికి అన్వయిస్తే గీత స్పష్టమవుతుంది. సొంత పరికరంలో ఉచిత లైసెన్సు గల సాఫ్ట్‌వేర్‌ను, ఉచిత పటాన్ని నడపడం ఒక సంగతి. డబ్బు చెల్లించి కొనవలసిన ప్రోగ్రామ్‌ను, పటాలను లైసెన్సు లేకుండా ఎక్కించుకోవడం మరో సంగతి. అన్‌లాక్ పేరిట బజారులో తిరిగే కార్డుల్లో రెండో రకం తక్కువేమీ కాదు. అక్రమ నకలని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను వాడితే 63బీ సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి.

అంతగా ప్రచారంలో లేని నిబంధన మరొకటి ఉంది. ఇతరుల కోసం తాళం తీసి పెట్టేవారు, ఆ వ్యక్తి పేరు, చిరునామా, గుర్తింపునకు అవసరమైన వివరాలు, ఏ ప్రయోజనం కోసం చేశారన్నది నమోదు చేసి ఉంచాలని 65ఏ సెక్షన్ కోరుతుంది. సుపేలాలోనో, హైదరాబాద్ కోఠిలోనో ఈ పని చేసి పెట్టే దుకాణదారుకు వర్తించేది ఇదే. పుస్తకం నిర్వహించని దుకాణం సదుద్దేశాన్ని నిరూపించుకోవడం కష్టం.

అమెరికాలో స్థితి భిన్నం. అక్కడి 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం తాళం తీయడాన్నే ప్రాథమికంగా నిషేధించి, మినహాయింపులను ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది. 2015లో వాహన సాఫ్ట్‌వేర్‌ను యజమాని మరమ్మతు కోసం తెరవడానికి మినహాయింపు లభించినా, వినోద, టెలిమాటిక్స్ వ్యవస్థలను అప్పుడు దాని పరిధి నుంచి తప్పించారు. అక్కడి సలహాలను చదివి ఇక్కడ ఆచరించేవారు ఈ తేడాను గమనించాలి. ఎస్‌డీ కార్డుపై ఫైలు పేర్లు రాసే పద్ధతి కూడా ఒకప్పుడు న్యాయ వివాదమైంది. 2009 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ టామ్‌టామ్‌పై వేసిన పేటెంట్ల దావాలో అదొక అంశం. మరుసటి నెలలోనే ఇరుపక్షాలు రాజీకి వచ్చాయి.

ఉచిత పటం, తెలుగు పేర్లు

చట్టబద్ధంగా అన్‌లాక్ చేసినవారికి ప్రధాన ఆధారం 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. ఎవరైనా సవరించగల, ఎవరైనా వాడుకోగల ఈ పటాన్ని గార్మిన్ పరికరాలు చదివే రూపంలోకి మార్చే ‘ఎంకేజీమ్యాప్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ‘నావిట్’ వంటి ఉచిత నావిగేషన్ ప్రోగ్రామ్ విండోస్ సీఈపైనా నడిచేలా తయారైంది. అయితే 64 మెగాబైట్ల మెమరీ గల పరికరానికి దేశం మొత్తం పటం బరువవుతుంది. ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ భాగాలను మాత్రమే కత్తిరించి ఎక్కించుకోవడం తెలివైన పని.

భిలాయిలో పటం సూక్ష్మతకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ఉక్కు కర్మాగారం కోసం ప్రణాళిక ప్రకారం కట్టిన టౌన్‌షిప్‌లో చిరునామా అంటే సెక్టారు, వీధి సంఖ్య, క్వార్టరు సంఖ్య. అదే వీధి సంఖ్య ఒకటికి మించిన సెక్టార్లలో ఉంటుంది. సెక్టారు వరకే వివరమున్న పటం సెక్టార్ 9లోని ఆసుపత్రికి చేర్చగలదు గానీ, బంధువుల క్వార్టరుకు చేర్చలేదు. వీధుల వివరాలను స్థానికులే చేర్చగల పటానికి ఇక్కడ ఉన్న అనుకూలత అదే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒక ఊరికి పలు భాషల్లో పేర్లు ఇచ్చే ఏర్పాటు ఉంది, అందులో తెలుగుకూ స్థానముంది. కానీ పాత పరికరంలో తెలుగు పేరు సరిగా కనిపిస్తుందన్న హామీ లేదు. వత్తులు, గుణింతాలను కూర్చే లిపి వ్యవస్థను తయారీదారు చేర్చకపోతే ఫాంటు ఎక్కించినా అక్షరాలు విడివిడిగా పడతాయి. అలాంటప్పుడు ఇంగ్లిష్ పేర్లతోనే సరిపెట్టుకోవలసి ఉంటుంది.

ఇంత శ్రమ అవసరమా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఓస్మాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ వంటి యాప్‌లు ఇదే ఉచిత పటాన్ని ఇంటర్నెట్ లేకుండా సాధారణ ఫోన్‌లో చూపుతాయి. పటాన్ని ఇంటి వద్దే దించుకుంటే కేశ్‌కాల్‌లో సిగ్నల్ లేకపోయినా నష్టం లేదు. కేంద్ర మోటారు వాహన నియమాలకు చేసిన, 2020 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ కూడా డ్రైవరు ఏకాగ్రతకు భంగం కలగని రీతిలో దారి చూసుకోవడానికి మాత్రమే చేతిలో ఇమిడే పరికరాన్ని వాడవచ్చని చెబుతోంది. డబ్బు పెట్టి పాత పరికరం కొని మరీ అన్‌లాక్ చేయడంలో అర్థం లేదు. ఇంట్లో ఇప్పటికే ఉన్నదాన్ని రెండో దారిదీపంగా నిలుపుకోవాలనుకునే వారికే ఈ పని. అన్‌లాక్ తరువాత అందులో సినిమాలు చూడవచ్చని అమ్మకందారులు చెప్పే మాటకు మాత్రం నడుస్తున్న కారులో ఎలాంటి విలువా ఇవ్వరాదు.

తేదీ తప్పితే కంగారు వద్దు

తిరిగి వాడుకలోకి తెచ్చిన పరికరం కొన్నిసార్లు దాదాపు ఇరవై ఏళ్ల వెనుకటి తేదీని చూపుతుంది. ఇది అన్‌లాక్‌లో జరిగిన పొరపాటు కాదు. జీపీఎస్ సంకేతం వారాలను 10 బిట్ల సంఖ్యతో లెక్కిస్తుంది. 1980 జనవరి 6న మొదలైన ఆ లెక్క 1,024 వారాలు నిండగానే సున్నాకు వస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్ 6 అర్ధరాత్రి మరోసారి అలా జరిగింది. కొత్త ఫర్మ్‌వేర్ లేని రిసీవర్లు రెండో మలుపును గుర్తించలేక తేదీని వెనక్కి చూపుతాయి. స్థానం చాలావరకు సరిగానే వస్తుంది. తేదీపై ఆధారపడే పగలు-రాత్రి రంగుల మార్పు, ప్రయాణాల నమోదు వంటివి తప్పవచ్చు. వాటిని అమరికల్లో చేత్తో మార్చుకునే వీలుంటే మార్చుకోవాలి, లేకుంటే వదిలివేయాలి. ఈ లెక్క తదుపరి సున్నాకు చేరేది 2038 నవంబరులో.